ఏడు సెకన్ల అతుకు

"బూట్లు ఈడ్చకండి! నిప్పురవ్వ లేచిందంటే అందరం పోతాం," హెడ్ వార్డర్ పైడిరాజు గొంతు తగ్గించే అరిచాడు.

గ్యాసు వాసన వంటశాల తలుపు కిందనుంచి వరండాలోకి పాకుతోంది. వంటశాల గోడకి అవతల జైలు ఆసుపత్రి ఉంది. పద్నాలుగు మంది రోగులు, ఉన్నది ఒకటే స్ట్రెచరు. ఇప్పటికి ఐదుగురిని బయటికి మోశారు.

సంక్షేమాధికారి సువర్చల పైటకొంగు ముక్కుకి అదుముకుని తలుపుకి చెవి ఆనించింది.

లోపలున్నది సింహాచలం. కొండవలస కేంద్ర కారాగారంలో తొమ్మిదేళ్లుగా వంట చేస్తున్న ఖైదీ. ఉదయం పదిన్నరకి తోటి వంటవాళ్లని బయటికి నెట్టి లోపల గడియ పెట్టుకున్నాడు. రెండు సిలిండర్లు విప్పాడు. ఒక చేతిలో పొయ్యి వెలిగించే లైటరు, ఇంకో చేతిలో జైలు వాళ్లు ఇచ్చిన టాబ్లెట్.

లోపల ఒక ఆడగొంతు మాట్లాడుతోంది. మెత్తగా, దగ్గరగా, పక్కలో కూర్చున్న మనిషిలా.

"తలుపు తియ్యకు సింహాచలం. ఆళ్లు నిన్ను సంపేస్తారు. తలుపు ఇరగ్గొట్టినారంటే లైటరు నొక్కీ. నాను నీకాడే ఉన్నాను."

అది సింహాచలం భార్య అప్పలనర్సమ్మ గొంతు. ఆ గొంతుగల మనిషి మాత్రం ఈ క్షణంలో జైలు పెద్దగేటు దగ్గర బల్లమీద గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె చేతిలో ఫోనే లేదు.

"సిగ్నల్ కట్ చేయించాను. ఇంకా ఎలా మాట్లాడుతోంది?" అంటూ వెనక నుంచి డిప్యూటీ సూపరింటెండెంట్ ఎం.ఎస్. రావు వచ్చాడు. సూపరింటెండెంట్ సెలవులో ఉండటంతో ఈ వారం జైలంతా ఆయన చేతిలోనే ఉంది.

టాబ్లెట్ల టెక్నీషియన్ ఇలియాస్ ముందుకొచ్చాడు. "సార్, కట్ చెయ్యకుండా ఉండాల్సింది. సిగ్నల్ లేనప్పుడు పనిచెయ్యడానికేగా ఆ 'అతుకు' ప్రోగ్రాం పెట్టింది! ఇప్పుడు దానికి అడ్డే లేదు. బ్యాటరీ ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది."

"పావుగంట చూస్తాను. తర్వాత తలుపు పగలగొట్టిస్తా," అన్నాడు రావు.

"పగలగొడితే నొక్కమని అది చెబుతోంది సార్!"

"వంటవాడమ్మా అతను. నొక్కే ధైర్యం ఉండదు," అని ఆయన గడియారం చూసుకున్నాడు.

రేపు ఉదయం పదింటికి న్యాయమూర్తి ఈ జైలుకి వస్తున్నారు. పోయిన వేసవిలో మూడో బ్యారక్‌లో గవరయ్య అనే ఖైదీ చనిపోయాడు. స్నానాల గదిలో జారిపడ్డాడని రికార్డులో ఉంది. జారిపడలేదని, కొట్టి చంపారని, కొట్టినవాళ్లెవరో న్యాయమూర్తి ముందే చెబుతానని మొండికేసిన సాక్షి ఒక్కడే. ఆ ఒక్కడే ఇప్పుడు ఈ తలుపు వెనక ఉన్నాడు.

*

ఎనిమిది నెలల కిందట టాబ్లెట్లు వచ్చిన రోజు జైల్లో పండగలా ఉంది. చదువు, పాటలు, కోర్టు తేదీలు, రోజూ ఇంటివాళ్లతో వీడియో మాటలు. నియమావళి రాసే పని సువర్చలకి అప్పగించారు. ఇరవై రెండు నియమాలు రాసింది. ఏ వెబ్‌సైట్లు చూడొచ్చు, ఎంతసేపు చూడొచ్చు, ఎవరితో మాట్లాడొచ్చు, పోలీసులు వినొచ్చా, వకీలుతో మాట్లాడేటప్పుడు ఎవరూ వినకూడదా. అన్నింట్లోకీ ఆమెని తికమకపెట్టింది పద్నాలుగోది.

కొండవలసలో సిగ్నల్ నిలకడగా ఉండదు. తెరమీద భార్య మొహం మాట మధ్యలో కదలకుండా ఆగిపోతే ఖైదీ టాబ్లెట్ని గోడకి కొట్టేవాడు. అందుకని కంపెనీవాళ్లు 'అతుకు' తెచ్చారు. మాట తెగినచోట, అంతకుముందు విన్న మాటల్ని బట్టి ఆ మనిషే ఏమని ఉండేదో ఊహించి, అదే గొంతుతో అదే మొహంతో ఆ ఖాళీని పూడుస్తుంది. రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తే చాలు, అందుకుంటుంది.

సువర్చల ఇంట్లో భోజనాల బల్ల మీదే దాన్ని పరీక్షించారు. బొబ్బిలిలో ఉన్న తండ్రితో ఆమె పది నిమిషాలు మాట్లాడింది. ఆయన వంకాయ పులుసు గురించి చెప్పాడు, పక్కింటివాళ్ల కుక్క గురించి చెప్పి నవ్వాడు.

మాటలయ్యాక ఇలియాస్ అన్నాడు. "మేడమ్, మధ్యలో ఏడు సెకన్లు మీ నాన్నగారు లేరు."

"ఎక్కడ?"

"నవ్వారు చూడండి, అక్కడ."

ఆమె వెంటనే తండ్రికి మామూలు ఫోన్ చేసింది. "నాన్నా, ఒక్కసారి నవ్వు," అంది. "పిచ్చెక్కిందేమిటే నీకు?" అని ఆయన నిజంగానే నవ్వాడు. రెండు నవ్వులకీ తేడా తెలియలేదు.

పద్నాలుగో నియమం అందుకే గట్టిగా రాసింది. అతుకు ఏడు సెకన్లు మించరాదు. అతుకు నడుస్తున్నంతసేపూ తెరమీద పసుపుగీత కనబడాలి.

రెండు నెలలకి రావు ఆ కాగితం పట్టుకొచ్చాడు. "గీత చూసి ఖైదీలు బెంగపడుతున్నారమ్మా. తీసేద్దాం. ఏడు సెకన్లు అని కొట్టినట్టు ఎందుకు, 'అవసరాన్ని బట్టి' అని రాద్దాం. మన సంతకాలు రెండూ ఉంటే చాలు."

అవసరం ఎవరిదని ఆమె అడగలేదు. సంతకం పెట్టింది.

*

పెద్దగేటు దగ్గర సువర్చలని చూసి అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. ఎండకి నల్లబడిన మొహం, చేతికి మట్టిగాజులు.

"మీ కబురందింది, ఒచ్చినానమ్మా. అప్పన్న కొండ కాడ బస్సు మారీసరికి ఆలీసమైపోయింది. ఆయనకేటైనాది?"

"సింహాచలంలోనా మారావు?" నడుస్తూనే అడిగింది సువర్చల.

అప్పలనర్సమ్మ తలదించుకుంది. "అదేనమ్మా. ఆ కొండ కాడే."

దాదాపు పరుగు తీస్తున్నారు ఇద్దరూ. సువర్చల దారిలోనే చెప్పింది. నీ గొంతుతో ఒక యంత్రం మాట్లాడుతోంది. ఆర్నెల్లుగా రోజూ గంటల తరబడి మాట్లాడుతోంది. నువ్వే అనుకుంటున్నాడు.

"ఆర్నెల్లా?" ఆమె ఆగిపోయింది. "ఆర్నెల్లుగా నాకు ఒక్క పోనూ రాలేదమ్మా! నామీద కోపమొచ్చిందనుకున్నాను. మునాకత్తుకొస్తే మీరు రానీనేదు."

ఆ మాట సువర్చలకి సూటిగా తగిలింది. నిజమే, రానివ్వలేదు. ఆర్నెల్ల కిందట ఈమె ఇక్కడికే వచ్చి ఫిర్యాదు చేసింది. ఎవడో ఇంటికొచ్చి, జైలు నుంచి వచ్చానని చెప్పి, ఒక పూటంతా కూర్చోబెట్టి తన మాటలు పట్టుకుపోయాడంది. నవ్వమన్నాడు, కసరమన్నాడు, ఏడవమన్నాడు. మొహానికి మాస్కు, నెత్తిన టోపీ. ఏం పేరు చెప్పాడని సువర్చలే అడిగింది. "మా ఆయన పేరే సెప్పినాడమ్మా," అంది ఈమె. ఖైదీయే తన పేరు చెప్పి బయటి మనిషిని ఇంటికి పంపించాడని సువర్చల నివేదిక రాసింది. బయటివాళ్లతో దొంగచాటు సంబంధాలు పెట్టుకున్నాడన్న నేరానికి అతని ములాఖత్తులు ఆరు నెలలు రద్దయ్యాయి.

"పాపం, టాబ్లెట్ మాత్రం ఉండనిద్దాం," అన్నాడు రావు ఆనాడు. ఎంత దయగల మనిషి అనుకుంది సువర్చల.

*

వంటశాల ముందు వాసన చిక్కబడింది. ఆసుపత్రిలో ఇంకా నలుగురున్నారు. ఫైరింజన్ వాళ్లు వచ్చి, పైపులు పట్టుకుని వరండా చివర నిలబడ్డారు. వాళ్ల అధికారి చేత్తో సైగ చేశాడు. ఎవరూ తలుపు ముట్టుకోవద్దు.

అప్పలనర్సమ్మ తలుపు మీద అరచేయి పెట్టింది.

"సీతాలయ్యా! నానొచ్చినాను. ఆ గ్యాసు కట్టీయ్."

వాళ్ల కూతురి పేరు సీతాలు. భర్తని ఆమె అలాగే పిలుస్తుంది.

వెంటనే అదే గొంతు, తలుపుకి అటువైపు నుంచి మాట్లాడింది.

"అది నాను కాను సింహాచలం. నా గొంతు దొంగిలించినారు. నమ్మకు."

అప్పలనర్సమ్మ పాముని తొక్కినట్టు వెనక్కి గెంతింది. తన గొంతే, తనలోంచి తీసి ఎవరో ఎదురుగా నిలబెట్టినట్టు ఉంది. "ఓలమ్మో! అదేటమ్మా, నానక్కడున్నానేటి?" అని సువర్చల చెయ్యి పట్టుకుంది.

"ఎవులివి నువ్వు?" లోపల నుంచి సింహాచలం అరిచాడు. మనిషి ఏడుస్తున్నాడు. "రెండు గొంతులేటి? నా నర్సు, నా పెళ్లాం, నన్ను పేరెట్టి పిలుస్తాది. ముప్పై ఏళ్లు పిలవని మనిషి ఈ ఆర్నెల్లుగా పిలుస్తన్నాది. నాను జైల్లో కుళ్లిపోతన్నానని దాని మనసు కరిగి పిలిచినాది. నువ్వు పిలు సూద్దాం!"

ఇలియాస్ సువర్చల చెవిలో గుసగుసలాడాడు. "ఆమె మాటల్లో ఎక్కడా భర్త పేరు లేదు మేడమ్. ఖాళీ కనబడింది కాబట్టి యంత్రం ఖైదీల రిజిస్టర్‌లోంచి పేరు తెచ్చి పూడ్చేసింది."

"పిలువమ్మా, ఒక్కసారి," అని బతిమాలింది సువర్చల. "పేరు పెట్టి పిలువు. తలుపు తీస్తాడు."

అప్పలనర్సమ్మ మొహంలో భయం పోయింది. దాని చోటికి ఇంకేదో వచ్చింది.

"నానా? ఆ పేరు నాను పలికినానా?" తలుపుతో అంది ఆమె. "పలికినానని నమ్మినావేటి? ముప్పై ఏళ్లు కాపరం సేసి, నా నోరెలాటిదో నీకు తెలీదు? ఎవుత్తో పేరెట్టి ఒగలు పోతంటే మురిసిపోయి కూకున్నావు! ఉండు, అక్కడే ఉండు, నీ ఎవుత్తెతోటే ఉండు!"

అంతే. తలుపుకి వీపు ఆనించి కింద చతికిలబడింది. పెదాలు బిగించుకుంది.

"అమ్మా, మాట్లాడు," అంది సువర్చల. ఆమె పలకలేదు. "నీ కాళ్లు పట్టుకుంటాను." అప్పలనర్సమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"సరిపోయింది!" అన్నాడు రావు. "మొగుడూ పెళ్లాల తగువు తీర్చడానికా మనం వచ్చింది? పైడిరాజూ, తలుపు పగలగొట్టు."

"ఆసుపత్రిలో ఇంకా నలుగురు రోగులున్నారండీ," అన్నాడు పైడిరాజు.

"ఇది ఆర్డరు!"

సువర్చల వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది. లైటరు నొక్కితే ముందు పోయేది తనూ, కాళ్ల దగ్గర కూర్చున్న ఈ మనిషీ. ఇనప గడ్డపార పట్టుకున్న పైడిరాజు ఆమె మొహంలోకీ, అధికారి మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. కదల్లేదు.

లోపల టాబ్లెట్ మాట్లాడుతూనే ఉంది.

"మాటాడు సింహాచలం… ఇయాల ఏటి తిన్నావు సింహాచలం?… సీతాలు బాగున్నాది… ఆన పడ్డాది… మాటాడు సింహాచలం…"

ప్రతి రెండు సెకన్లకీ ఒక మాట. ఎక్కడ మౌనం దొరికితే అక్కడ దూరిపోతోంది. తలుపుకి ఇవతల మాత్రం ఒక్క మాట లేదు. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. వాసనకి సువర్చల తల తిరుగుతోంది.

"నర్సూ?" సింహాచలం గొంతు ఈసారి తలుపుకి దగ్గరగా, కింద నుంచి వినిపించింది. అతనూ కూర్చున్నాడు. "అలిగినావేటి?"

అప్పలనర్సమ్మ పలకలేదు. మోకాళ్ల మీద గాజులు మాత్రం ఒకసారి కదిలాయి.

"నేదు సింహాచలం, నాను అలగనేదు," అంది టాబ్లెట్.

ఆ తర్వాత అతను నవ్వాడో ఏడ్చాడో తెలియని చప్పుడొకటి.

"నా నర్సు అలిగితే," అన్నాడు మెల్లగా, "అలగనేదని కూడా సెప్పదు."

కిర్రుమని వాల్వు తిరిగింది. ఇంకొకటి తిరిగింది. ఎత్తున ఉన్న కిటికీలోంచి లైటరు బయటికొచ్చి ఇసకలో పడింది. ఫైరింజన్ వాళ్లు దాని మీద తడిగోనె కప్పేశారు.

గడియ తీసిన చప్పుడు.

*

గాలాడేలా కిటికీలన్నీ తెరిచి, అందరినీ మైదానంలోకి నడిపించారు. సింహాచలం దగ్గుతూ నేలమీద కూర్చున్నాడు. అప్పలనర్సమ్మ అతని పక్కనే కూర్చుంది కానీ ఇంకా మొహం తిప్పుకునే ఉంది. కొంగుతో మాత్రం అతని నుదుటి చెమట తుడుస్తోంది.

"ఒంటరి సెల్లో వెయ్యండి," అన్నాడు రావు. "ఆ టాబ్లెట్ నాకివ్వండి."

టాబ్లెట్ సువర్చల చేతిలో ఉంది. తెరమీద అప్పలనర్సమ్మ మొహం నవ్వుతూ ఏదో అంటోంది. పక్కన కూర్చున్న అసలు అప్పలనర్సమ్మ దాన్ని చూడనైనా చూడటం లేదు.

ఆ పేరు నాను పలికినానా?

సువర్చలకి దారిలో ఆమె అన్న మాట గుర్తొచ్చింది. అప్పన్న కొండ. ఊరి పేరు కూడా పలకలేదు ఈ మనిషి. బస్సు మారిన ఊరికి తన భర్త పేరుందని, ఆ ఊరినే పేరు పెట్టి అనలేదు. ఇక ఆ పేరే ఉన్న ఇంకో మనిషిని ఏమంటుంది?

"మా ఆయన పేరే సెప్పినాడమ్మా."

వచ్చినవాడి పేరేమిటని తను అడిగింది. ఆమె సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు చెప్పింది. దాన్ని తప్పుగా రాసుకున్నది తను. ఆ తప్పుతో వీళ్లిద్దరి మధ్యా గోడ కట్టింది తను. అతుకు సరిహద్దులు చెరిపే అనుమతికి కావలసినవి రెండు సంతకాలు. ఒకటి తనది.

ఆమె తలెత్తి రావు చొక్కా మీది పేరు పలక చూసింది. ఎం.ఎస్. రావు. ఎం అంటే మండా. ఎస్ అంటే ఏమిటో ఎనిమిది నెలల్లో ఎప్పుడూ అడగలేదు.

"టాబ్లెట్ ఇవ్వండి సువర్చల గారూ."

"ఇస్తాను సార్. ఒక్క ప్రశ్న." మైదానంలో వార్డర్లున్నారు, ఫైరింజన్ వాళ్లున్నారు, స్ట్రెచర్ మీది రోగులున్నారు. అందరికీ వినబడేలా అడిగింది. "అప్పలనర్సమ్మా, ఆ రోజు నీ ఇంటికొచ్చి నీ గొంతు పట్టుకుపోయినవాడు ఏం పేరు చెప్పాడు?"

"అప్పుడే సెప్పినాను కదమ్మా. మా ఆయన పేరే."

"రిపోర్టు మీరే రాశారుగా!" రావు నవ్వబోయాడు. "ఖైదీయే పంపించాడని. మళ్లీ ఈ పంచాయితీ ఎందుకు?"

సువర్చల అతని వైపు చూడలేదు. "అంటే మీ ఆయన పంపించాడనా? ఆ వచ్చినవాడి పేరూ అదేననా?"

"ఆడి పేరే అదన్నాడమ్మా. 'నీ మొగుడి పేరే నాదీని, భయపడకు, అన్నలాటోన్ని' అన్నాడు. ఎనకాల ఓ తోక కూడా ఉన్నాదన్నాడు."

"ఏం తోక?"

"రావు."

పైడిరాజు చేతిలోని గడ్డపార నేలకి ఆనింది. రావు అడుగు వెనక్కి వేశాడు. ఆమె గొంతుని యంత్రానికి ఎక్కించి, సాక్షిని చంపే మాటలు దానికి నేర్పింది ఇతనే. ఆ ఇంట్లో తన పేరు ధైర్యంగా చెప్పాడు ఈ మనిషి. తెలిసే చెప్పాడు. ఆ పేరు ఆమె నోట ఏ పోలీసు ముందూ, ఏ కోర్టులోనూ రాదని తెలిసే.

"ఇది చదువులేని మనిషి మాట," అన్నాడు రావు. "పేరు చెప్పలేని సాక్ష్యం సాక్ష్యమేనా? చెప్పమనండి చూద్దాం!"

ఇందాకటి గందరగోళంలో పట్టించుకోని ఆ గొంతుని ఇప్పుడు పోల్చుకుని అప్పలనర్సమ్మ తలెత్తింది. కళ్లు చిన్నవి చేసి చూసింది. మాస్కు లేదు, టోపీ లేదు. కానీ గొంతులు దొంగిలించడం తెలిసినవాడు తన గొంతు దాచుకోవడం మరిచిపోయాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. వంటశాల నుంచి వచ్చాక అతని మొహం చూడటం అదే మొదలు.

సింహాచలం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "గవరయ్య గుండె మీద బూటుకాలెట్టి తొక్కినోడు ఈడే నర్సూ," అన్నాడు మెల్లగా. "రేపు నాను జడ్జీగారికి సెప్తాను. ఇయాల నువ్వు సెప్పు. నాకేటీ కాదు. పలుకు."

ఆమె పెదాలు రెండుసార్లు కదిలాయి. మాట రాలేదు. సువర్చల చేతిలోని టాబ్లెట్ ఆ మౌనాన్ని పసిగట్టి, ఆమె గొంతుతోనే ఏదో అందుకోబోయింది. సువర్చల దాని నోరు నొక్కినట్టు బొత్తాం అదిమిపెట్టి ఆపేసింది.

అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. కొంగు బొడ్లో దోపుకుని, చెయ్యెత్తి, వేలు చూపించి, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా పలకని పేరుని మైదానం నాలుగు గోడలకీ తగిలేలా పలికింది.

"సింహాచలం! సింహాచలం రావు!"